నాగా పెట్టే హక్కు

జ్వరం వచ్చిన మనిషి ఆ జ్వరంతోనే పనికి పోయి పక్కవాడికి అంటిస్తే, ఆ తప్పు ఎవరిది? చూడబోతే ఇది వైద్యులకు వదిలెయ్యదగిన ప్రశ్నలాగా వుంటుంది. కాని వైద్యుడు చెప్పగలిగింది జబ్బు ఎల్లా అంటుతుందో మటుకే. అంటించినవాడు దోషా కాదా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. నీతి ప్రశ్నలు చాలావాటి వెనక వున్నట్టే దీని వెనక కూడా ఒక జమాఖర్చు వున్నది. ఆ లెక్క చూడకుండానే తీర్పు చెప్పటం మనకు అలవాటయిపోయింది.

ఈ విషయంలో మన సమాజంలో ఒకటి కాదు, రెండు నీతులు చలామణీలో వున్నాయి. ఒక అధికారి ఒళ్ళు కాలిపోతున్నా ఆఫీసుకు వచ్చి ఫైళ్ళు చూస్తే ఆయన కర్తవ్యదీక్షను మెచ్చుకుంటాం. ఒక ఉపాధ్యాయుడు దగ్గుతూనే పాఠం చెప్పి ముగిస్తే, ఆయన పదవీ విరమణ సభలో ఆ సంగతి గుర్తుచేసి చప్పట్లు కొడతాం. పిల్లవాడు ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా బడి మానకపోతే నూరుశాతం హాజరుకు బహుమతి ఇస్తాం. అందులో ఎన్ని రోజులు ముక్కు కారుతూ వచ్చి పదిమంది మధ్య కూచున్నాడో అడగం. అదే, పాచిపనికి వచ్చే ఆమె తుమ్ముతూ గడప తొక్కితే, ఇంత జబ్బు పెట్టుకుని ఎందుకు వచ్చావని కసురుకుంటాం. హోటల్లో సర్వరు దగ్గితే యజమానిని పిలిచి కేకలేస్తాం. జబ్బు ఒకటే, చేసిన పనీ ఒకటే. ఒకచోట అది త్యాగమయింది, మరొకచోట అపచారమయింది. ఈ తేడా రోగంలో లేదు; రోగి సమాజంలో ఏ మెట్టుమీద వున్నాడన్నదానిలో వున్నది.

ఇందుకు ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో దేశమంతా లాక్‌డౌన్‌లో వున్నప్పుడు, విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగువారితో పేకాట ఆడాడనీ, ఆడవాళ్ళు ఒకచోట చేరి తంబోలా ఆడారనీ, ఇందువల్ల 24 మందికి కొవిడ్ సోకిందనీ నాటి కృష్ణాజిల్లా కలెక్టరు ప్రకటించారు. కార్మికనగర్‌లో మరొక లారీ డ్రైవరువల్ల 15 మందికి సోకిందని కూడా చెప్పారు. ఆ వార్త దేశమంతా తిరిగింది. అధికారులు ఆ మాట చెప్పటంలో ఉద్దేశం జనాన్ని హెచ్చరించటమే కావచ్చు. కాని చదివినవారిలో చాలామందికి మిగిలింది హెచ్చరిక కాదు, ఒక దోషి. వాడు లారీ డ్రైవరు, పైగా పేకాడాడు. ఇంకేం కావాలి!

పేకాట పని కాదు గదా, పనికి పోవటాన్ని గురించిన చర్చలో దీని ప్రసక్తి ఎందుకని పాఠకులు అడగవచ్చు. పేకాట పని కాదు, నిజమే. లారీ తోలటం పనే. అందరూ ఇళ్ళల్లో వుండాలన్న ఆ రోజుల్లో లారీలు మటుకు ఆగలేదు. సరుకు రవాణాకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. మనం ఇంట్లో కూచుని ఉప్పూ పప్పూ తింటున్నామంటే వాటిని తెచ్చేవాడు రాష్ట్రాలు దాటి, ఊళ్ళు దాటి తిరుగుతున్నాడన్న మాట. డ్రైవర్లను రోడ్డుమీద వుంచింది మన అవసరం. ఆ అవసరం తీరి డ్రైవరు తన వీధికి తిరిగివచ్చినప్పుడు, ఇరుకు ఇళ్ళ ఆ వీధిలో అతను ఎక్కడ విడిగా వుండాలి, ఎవరు అన్నం పెట్టాలి అన్న ఆలోచన మనం చెయ్యలేదు. పైగా కొవిడ్ అన్నది లక్షణాలు పైకి కనిపించటానికి రెండు రోజుల ముందునుంచే ఇతరులకు అంటగలదు. ఆ మనిషికి పేకముక్కలు పట్టుకున్న రోజున జబ్బు సంగతి తెలుసునా అన్న ప్రశ్న మనలో ఎంతమంది వేశారు?

ఇంతవరకు చదివి మన మిత్రులు కొందరు తొందరపడి, దోషం వ్యక్తిది కాదు, వ్యవస్థది అని తేల్చివెయ్యవచ్చు. రెక్కాడితేగాని డొక్కాడనివాడు జ్వరంతో పనికి పోక ఏం చేస్తాడు, వాడికి నీతులు చెప్పటం బూర్జువా ధోరణి, అంటారు. ఈ జవాబులో నిజం వున్నది గాని సగమే వున్నది. ఆ మిగతా సగం ఏమిటంటే, జబ్బు అంటుకున్నవాడు ఎవరన్నది. జ్వరంతో వచ్చిన ముఠా కూలీ దగ్గు పడేది మిల్లు యజమాని మీద కాదు, తనతోపాటు బస్తా మోసే మరొక కూలీ మీద. వాడికీ రెక్కలే ఆధారం. వాడి ఇంట్లోనూ ఒక ముసలి తల్లి వుంటుంది. మొదటివాడిని పేదవాడు గనక వదిలిపెట్టితే, రెండోవాడు పేదవాడు కాదా? పేదరికం పేరుతో ఒక పేదవాడికి ఇచ్చే మాఫీని మరొక పేదవాడి ఒంటిమీద వసూలు చేస్తున్నామన్న మాట. కాబట్టి వ్యవస్థ అన్న మాట అని చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. ఇతరులకు హాని చెయ్యకుండా వుండవలసిన బాధ్యత అందరికీ వున్నది. తేలవలసిందల్లా ఆ బాధ్యత ఎవరిమీద ఎంత బరువున పడుతుందన్నదే.

బాధ్యతకు రెండు షరతులు వుంటాయి. ఒకటి తెలిసివుండటం, రెండు మానుకోగలగటం.

తెలియటం సంగతి ముందు చూద్దాం. జ్వరాలన్నీ ఒకటి కావు. మలేరియా, డెంగీ దోమలద్వారా వస్తాయి. ఆ జ్వరంతో వచ్చినవాడి పక్కన కూచున్నంతమాత్రాన మనకు అంటవు. టైఫాయిడ్ తిండిద్వారా, నీళ్ళద్వారా పోతుంది. గుమాస్తాకు వస్తే ఒక సంగతి, హాస్టల్లో వంటవాడికి వస్తే మరొక సంగతి. ఫ్లూ, కొవిడ్, క్షయ గాలిద్వారా పోతాయి. కళ్ళకలక చేతులద్వారా, తువ్వాళ్ళద్వారా పోతుంది. తన జ్వరం ఏ జాతిదో రోగికి తనంతట తెలియదు. తెలుసుకోవాలంటే పరీక్ష చెయ్యాలి. పరీక్షకు డబ్బూ కావాలి, ఒక పూటా కావాలి. ఆ పూటకు కూలి పోతుంది. అంటే తెలుసుకోవటమన్న మొదటి షరతు కూడా చివరకు కూలి దగ్గరికే వచ్చి ఆగుతున్నది.

ఇక రెండోది, మానుకోగలగటం. దీనికి ప్రపంచానికంతా తెలిసిన ఉదాహరణ న్యూయార్కులో వంటపని చేసిన ఐర్లండు దేశస్థురాలు మేరీ మాలన్. ఆమెకు ఏ జబ్బూ వున్నట్టు కనిపించేది కాదు గాని ఆమె శరీరంలో టైఫాయిడ్ క్రిములు వుండేవి. వంట చేసిన ఇళ్ళల్లో జనం జబ్బుపడ్డారు. 1907లో అధికారులు ఆమెను పట్టుకుని ఒక దీవిలో నిర్బంధించారు. 1910లో, ఇకమీద వంటపని చెయ్యనన్న మాట తీసుకుని వదిలిపెట్టారు. ఆమె బట్టలు ఉతికే పనిలో చేరింది. అందులో వంటపనికన్న జీతం తక్కువ. కొంతకాలానికి పేరు మార్చుకుని మళ్ళీ వంటలో ప్రవేశించింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆమె వండినప్పుడు 25 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. తిరిగి ఆమెను బంధించి, 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే వుంచారు.

ఆమె నిర్దోషి అని నేను అనను. పేరు మార్చుకోవటం తెలియనితనం కాదు. ఆ ప్రసూతి ఆస్పత్రిలో చనిపోయినవారు ఆమె పేదరికానికి బాధ్యులు కారు. కాని న్యూయార్కు నగరం ఆమె చేతిలోనుంచి ఒక వృత్తిని లాక్కున్నప్పుడు, దానికి సమానమైన బతుకుతెరువు చూపించిందా? నగరం క్షేమం కోసమే ఆమె వంట మానాలి గదా. ఆ క్షేమానికి ఖర్చు నగరమంతా పంచుకోవాలా, ఒక్క ఆడమనిషి తన జీతంలోనుంచి భరించాలా? పదిమంది మేలుకోసం చెయ్యమన్న పనికి ఖర్చు ఒక్కడి నెత్తిన పెట్టటమంటే, ఆ పని జరక్కుండా మనమే ఏర్పాటు చెయ్యటమన్న మాట. మేరీ మాలన్‌ను దీవిలో పెట్టటానికి నగరం ఏళ్ళ తరబడి ఖర్చు భరించింది. ఆ డబ్బు ముందే ఆమె జీతంలో పడి వుంటే ఆ మరణాలు జరిగేవా?

మన డెల్టాకు వద్దాం. ప్రకాశం బరాజు నుంచి కాలవలకు నీళ్ళు వదిలాక కొద్ది వారాల్లో సార్వా నాట్లు ఊళ్ళన్నిటా దాదాపు ఒక్కసారే పడతాయి. పడిశాలూ జ్వరాలూ కళ్ళకలకలూ వచ్చే వానాకాలం కూడా అదే. నాట్లు వేసే ఆడవాళ్ళు ముఠాగా కూడి, ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకుంటారు. పొలంలో దిగినవాళ్ళు ఆ డబ్బు పంచుకుంటారు. ఒకామెకు జ్వరం వచ్చిందనుకోండి. నాగా పెట్టితే ఆ రోజు వాటా పోయింది. మాత్ర మింగి దిగితే వాటా దక్కింది, పక్కనున్నామెకు జ్వరం కూడా దక్కింది. నాట్ల రోజులు ఏడాదిలో కొద్ది; వెదజల్లే పద్ధతీ యంత్రాలూ వచ్చాక మరీ కొద్ది. ఆ రోజుల్లో పోయిన కూలి వేసవిలో సంపాదించుకోవటం కుదరదు. ఈ స్థితిలో వున్న మనిషిని ‘ఎందుకు వచ్చావు?’ అని అడగటం సులభం. రాకపోతే ఆమెకు ఎవరు ఏమి ఇస్తారన్న ప్రశ్నకు మటుకు డెల్టాలో జవాబు చెప్పేవాడు లేడు. రైతు చెప్పడు, మేస్త్రీ చెప్పడు, ప్రభుత్వమూ చెప్పదు.

చట్టం లేకపోలేదు. 1948 నాటి ఉద్యోగుల ప్రభుత్వ బీమా చట్టం 1952లో ఆచరణలోకి వచ్చింది; ఇటీవల 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. జబ్బుపడ్డ కార్మికుడికి సగటు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు భత్యం, క్షయ వంటి దీర్ఘవ్యాధులకు కొన్ని షరతులతో 80 శాతం, ఈ బీమాలో వున్న సౌకర్యాలు. ఇవి కార్మికోద్యమం తక్కువగా చూడదగినవి కావు. కాని ఇది పదిమందీ అంతకన్న ఎక్కువా పనిచేసే సంస్థలకు, 2017 నుంచి నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు ఏర్పడింది. నాట్ల ముఠా అందులోకి రాదు. ఇళ్ళల్లో పనిచేసేవారు రారు. ఆటోనగర్‌లో ఇద్దరు కుర్రవాళ్ళతో నడిచే షెడ్డు రాదు. వచ్చినవారికి కూడా ఒక చిక్కు వున్నది. ఆ పాత చట్టం జబ్బుపడ్డ మొదటి రెండు రోజులకు సాధారణంగా భత్యం లేకుండా మినహాయించింది. దొంగ జబ్బులు రాకుండా చూడటం ఇటువంటి నియమాల ఉద్దేశం. కాని ఫ్లూ వంటివి ఎక్కువగా అంటేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే! కార్మికుడు ఇంట్లో వుండటం ఇతరులకు అత్యవసరమైన ఆ రోజుల్లోనే అతనికి భత్యం లేదు. పనివాడు అబద్ధమాడతాడేమోనన్న అనుమానానికి ఖరీదు పక్క పనివాడు చెల్లిస్తున్నాడు.

క్షయ సంగతి ఇంకా స్పష్టంగా వుంటుంది. మందులు సక్రమంగా పడితే రెండు మూడు వారాల్లో ఇతరులకు అంటించే శక్తి సాధారణంగా బాగా తగ్గిపోతుంది. అంటే ఒక రోగి రెండు మూడు వారాలు పనికి దూరంగా వుంటే పదిమంది ఊపిరితిత్తులు క్షేమంగా వుంటాయి. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది, మంచిదే. పోషణకు నెలకు 500 రూపాయలు 2018 నుంచి ఇచ్చి, 2024 నవంబరు నుంచి 1000 చేసింది, అదీ మంచిదే. కాని వెయ్యి రూపాయలు ఎన్ని రోజుల కూలి? ఆ లెక్క కట్టుకున్న మనిషి నోటికి గుడ్డ కట్టుకుని పనికి పోతాడు. ఆ గుడ్డను చూసి పని ఇవ్వరేమోనన్న భయం వున్నవాడు అది కూడా విప్పి జేబులో పెట్టుకుంటాడు.

శిక్షాస్మృతి తీరు మరొకటి. ప్రాణాపాయకరమైన వ్యాధిని నిర్లక్ష్యంతో వ్యాపింపజేసినవాడికి ఆరు నెలల వరకు జైలు అని 1860 నాటి పీనల్ కోడ్ 269వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అదే 271వ సెక్షను అయింది. నిర్లక్ష్యం అంటే ఎవరి నిర్లక్ష్యం? రేపు రాకపోతే ఎల్లుండి రానక్కరలేదని చెప్పిన యజమాని ఆ మాటవల్ల జ్వరంతో మనిషిని రప్పించినట్టే. కాని ఈ సెక్షను పేరు చెప్పగానే మనకు తట్టేది దగ్గినవాడేగాని దగ్గుతో రప్పించినవాడు కాడు. హాజరుపట్టీ ఎవరి చేతిలో వున్నదో వాడికి మానుకోగల శక్తి అందరికన్న ఎక్కువ. బాధ్యత కూడా అందరికన్న ఎక్కువ వుండాలి. నిందలో మటుకు వాడి వాటా అందరికన్న తక్కువ.

ఉన్నవారికి ఈ సంగతి బొత్తిగా తెలియదనుకోవటం పొరపాటు. భయం వేసినప్పుడు తెలుస్తుంది. కార్మికవాడల్లో పుట్టిన మహమ్మారి అక్కడే ఆగదనీ, అందుకే బూర్జువా వర్గానికి పారిశుధ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చిందనీ గృహసమస్యను గురించి రాసిన వ్యాసాల్లో ఎంగెల్స్ 1872లోనే చూపించాడు. 2020లోనూ అదే జరిగింది. లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోతపెట్టకుండా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం మార్చి 29న ఉత్తర్వు చేసింది. మే 18 నుంచి ఆ ఉత్తర్వు లేదు. అమెరికాలో 2020 మార్చిలో చేసిన చట్టం ఎంతోమంది ఉద్యోగులకు రెండు వారాల జబ్బు సెలవు జీతంతో ఇప్పించింది. ఆ విధి ఆ ఏడాది డిసెంబరుతో ముగిసింది. భయంవల్ల వచ్చిన హక్కు భయంతోపాటే పోతుంది. నిలిచేది అడిగి సాధించుకున్న హక్కే.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక మాట చెప్పాలి. అంటువ్యాధి అన్న మాటలోని ‘అంటు’, అంటరానితనంలోని ‘అంటు’ ఒకటే. దూరంగా వుండు అన్న మాట మన దేశంలో వైద్యుడు కనిపెట్టింది కాదు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ కొన్ని కులాలవారికి అది పుట్టుకతో చెపుతున్నాం. అందుచేత పనివారిని ‘జబ్బుంటే రావద్దు’ అన్నప్పుడు వారి చెవికి పాత మాటే వినిపిస్తే ఆశ్చర్యం లేదు. ఆ అనుమానం పోగొట్టే బాధ్యత చెప్పేవారిది. దానికి ఉపాయం ఒకటే: ‘రావద్దు, నీ జీతం ఆగదు’ అనాలి. మొదటి సగం ఒక్కటే అంటే అది మడి. రెండు సగాలూ కలిపి అంటే అది ఆరోగ్యసూత్రం.

ఈ పత్రిక చదివేవారు ఎక్కువగా విద్యార్థులూ ఉపాధ్యాయులూ గనక మన సంగతి కూడా చూసుకోవాలి. మనలో పర్మినెంటు ఉద్యోగులకు సెలవులు వున్నాయి. మానుకోగల శక్తి వున్నది గనక, దగ్గుతూ పాఠం చెప్పే మనం నాట్లు వేసే ఆమెకన్న పెద్ద దోషులం. దాన్ని కర్తవ్యదీక్ష అనుకోవటం ఇకనైనా మానాలి. మన పక్కనే గంటల లెక్కన డబ్బు తీసుకునే అతిథి అధ్యాపకుడు వున్నాడు, తరగతి గదులు వూడ్చే ఆమె వున్నది, మెస్సులో వండే మనిషి వున్నాడు. వారికి నాగా అంటే నష్టమే. విజయవాడ చుట్టూ వున్న రెసిడెన్షియల్ కళాశాలల్లో పిల్లలు ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటారు. ఒకడికి జ్వరం వస్తే, పాఠాలు పోతాయన్న భయంతో, రాంకు పోతుందన్న భయంతో వాడు తరగతికే వస్తాడు. కూలి పోతుందన్న భయమూ, రాంకు పోతుందన్న భయమూ ఒక తల్లి పిల్లలు. రెండూ మనిషిని రోజుల లెక్కన కొలిచే పద్ధతిలోనుంచే పుట్టాయి.

అయితే మానుకోలేనివాడికి ఏ బాధ్యతా లేదా? వున్నది. ఇంట్లో కూచోలేనివాడు జబ్బు దాచకుండా వుండగలడు. మూతికి గుడ్డ కట్టుకోగలడు. ముసలివాళ్ళకూ బాలింతలకూ ఎడంగా నిలబడగలడు. కాని జబ్బు చెప్పినవాడి పని పోతే ఆ తరవాత ఎవరూ చెప్పరు. కనక చెప్పినవాడికి పని పోకుండా చూడటం తోటివారి బాధ్యత. ముఠాలో ఒకామెకు జ్వరం వచ్చిన రోజున మిగతావారు ఆమె వాటాలో కొంతయినా తీసిపెడితే అందులో దానమేమీ లేదు. తమ ఒళ్ళు తాము కాపాడుకోవటమే. కాని పేదలు పేదలకు పంచటంతో ఈ సమస్య తీరదు. పంచవలసినవాడు లాభం తీసుకున్నవాడు. మన సంఘాలు కూలిరేటు అడిగినంత గట్టిగా జబ్బు కూలి ఎప్పుడయినా అడిగాయా? మొదటి రోజునుంచే భత్యం కావాలనీ, వ్యవసాయ కూలీలకూ ఇళ్ళల్లో పనిచేసేవారికీ కూడా కావాలనీ డెల్టాలో ఎన్ని సభలు తీర్మానాలు చేశాయి?

నాగా పెట్టే హక్కు లేనిచోట, నాగా పెట్టలేదని నిందించే హక్కు కూడా ఎవరికీ లేదు. ఆ హక్కు అందరికీ వచ్చిన తరవాత కూడా జ్వరంతో వచ్చి పదిమంది మధ్య కూచునేవాడు వుంటే, అప్పుడు వాడిని దోషి అందాం. అంతవరకు, ఎవరి కళాశాలలో వారు వచ్చే వానాకాలానికి ముందే అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఇక్కడ వూడ్చే మనిషికి జ్వరం వస్తే, ఆ రోజు ఆమె జీతం ఎవరు ఇస్తారు?